వానల తర్వాత పసుపెక్కిన లాన్: సమాధానం

లాన్ పసుపెక్కింది ఎరువు చాలక కాదు, గడ్డి వేళ్లకు గాలి ఆడక. దసరా వానల తర్వాత లాన్‌లో పసుపు మచ్చలు వచ్చాయని, యూరియా చల్లినా తగ్గలేదని రాశారు. మన విశాఖ ఎర్రమట్టి తడిసి, దాని మీద నడిస్తే బాగా అణిగిపోతుంది.

1. మచ్చలో స్క్రూడ్రైవర్ గుచ్చండి. దిగకపోయినా, బురద అంటుకుని కుళ్లు వాసన వచ్చినా సమస్య ఇదే. గడ్డి చాపలా లేచి వస్తే మాత్రం వేరుపురుగు, దాని మందు వేరు.

2. నీళ్లు, యూరియా ఆపండి.

3. చాలామంది సగంలో వదిలేసేది ఇదే. నేల కాస్త ఆరాక (బురదలో వద్దు, మన అడుగులకే ఇంకా అణుగుతుంది) వేలి లావు ఇనప ఊచతో 4 అంగుళాల లోతు, 5 అంగుళాల ఎడంతో రంధ్రాలు పొడవండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, తర్వాతి వానకే అవి పూడిపోతాయి. జల్లించిన ఏటి ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి చీపురుతో వాటిలోకి నెట్టండి. ఊరికే దొరుకుతుంది కదా అని బీచ్ ఇసుక తేకండి, ఉప్పుకి ఉన్న గడ్డీ పోతుంది.

4. నీరు నిలిచే మూల నుంచి చిన్న కాలువ తీయండి. నవంబరులోనూ వాయుగుండాలు వస్తాయి.

కొత్త చిగురు కనిపించాకే ఎరువు, అదీ కొద్దిగా.