టెక్ సందేహాలు: సబ్‌వూఫర్ పెట్టె ఎంత, అందులో పైపు ఎంత?

ప్రశ్న: నా దగ్గర 10 అంగుళాల సబ్‌వూఫర్ డ్రైవర్ ఉంది. కంపెనీ కాగితంలో ఎఫ్‌ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, క్యూఈఎస్ 0.415, వీఏఎస్ 48 లీటర్లు అని ఇచ్చారు. హాల్లో సినిమాలు చూడడానికి పోర్టు ఉన్న పెట్టె చేయించుకోవాలని ఉంది. ఇదే మొదటిసారి. సైజు, చెక్క, పైపు పొడవు చెప్పగలరా?

జవాబు: మీ డ్రైవర్ పోర్టు పెట్టెకు, అంటే గాలి ఊగడానికి పైపు పెట్టిన పెట్టెకు, బాగా కుదిరే రకం. ఎఫ్‌ఎస్ అంటే డ్రైవర్ కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె, క్యూఈఎస్ అందులో కాయిల్, అయస్కాంతాల వాటా. వీఏఎస్ కోన్ పట్టు ఎంత మెత్తనో గాలి లీటర్లలో చెప్పేది. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగిస్తే 77 వస్తుంది. ఈ అంకె 50 లోపుంటే మూసిన పెట్టె, 100 దగ్గరకు వస్తే పోర్టు పెట్టె అన్నది స్థూలమైన లెక్క. మధ్యలో ఉన్నవి రెండింటికీ పనికొస్తాయి. మీ క్యూటీఎస్ 0.4 లోపే ఉంది కాబట్టి పోర్టుకే వెళ్లండి.

ఈ లెక్కలకు మూలం ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పరిశోధన. 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించారు. ఆ పద్ధతిలో మీ డ్రైవర్‌కు 45 లీటర్ల గాలి, 32 హెర్ట్జ్ ట్యూనింగ్ (పైపులోని గాలి గట్టిగా ఊగే ఫ్రీక్వెన్సీ) సరిపోతాయి. విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవే అంకెలు వేసి చూడండి. బేస్ 32 హెర్ట్జ్ దాకా దాదాపు సమంగా వచ్చి, అక్కడ 3 డెసిబెల్స్ తగ్గి, ఆ కింద ఒక్కసారిగా పడిపోవడం గ్రాఫ్‌లో కనిపిస్తుంది.

మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఆ 45 లీటర్ల దగ్గరే. అది పెట్టె సైజు కాదు, అన్నీ బిగించాక లోపల మిగలాల్సిన గాలి. డ్రైవర్ వెనక భాగం సుమారు 2 లీటర్లు, పైపు నాలుగున్నర, అడ్డపట్టీలూ టెర్మినలూ కలిపి ఒకటిన్నర లీటరు ఆక్రమిస్తాయి. కాబట్టి ఖాళీ పెట్టె లోపలి కొలత 53 లీటర్లు ఉండాలి. వెడల్పు 32, ఎత్తు 46, లోతు 36 సెం.మీ. తీసుకుంటే సరిగ్గా అంతే వస్తుంది. 18 మి.మీ. చెక్కతో, ముందు భాగానికి రెండు పొరలు వేసి కడితే బయటి కొలతలు 35.6 × 49.6 × 41.4 సెం.మీ., అంటే 73 లీటర్లు. బయటి కొలతనే 45 లీటర్లుగా తీసుకుని కడితే లోపల మిగిలేది సుమారు 23 లీటర్లు. అందులో ఇదే పైపు పెడితే ట్యూనింగ్ 45 హెర్ట్జ్‌కు ఎక్కి కూర్చుంటుంది. పేలుడు సీన్‌లో ఛాతీకి తగలాల్సిన బేస్ మాయమై, బొయ్‌మనే మోత ఒక్కటే మిగులుతుంది.

చెక్క విషయానికొస్తే 18 మి.మీ. ఎండీఎఫ్ చాలు. తేమ ఎక్కువుండే ఇల్లయినా, నేల రోజూ తడిగుడ్డతో తుడిచే అలవాటున్నా తేమను తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్ బోర్డు మేలు. ఎండీఎఫ్ అంచులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఏది వాడినా అంచులకు ప్రైమర్ వేసి, కింద రబ్బరు కాళ్లు పెట్టండి. 4 × 4 అడుగుల సగం షీటులో అన్ని ముక్కలూ వస్తాయి: 356 × 496 మి.మీ. మూడు (ముందు భాగానికి రెండు పొరలు, వెనక్కి ఒకటి), 356 × 360 రెండు (పైన, కింద), 460 × 360 రెండు (పక్కలకు). ప్లైవుడ్ షాపులో ప్యానెల్ సా మీదే కోయించండి. కొలతలు అంగుళాల్లో కాకుండా మిల్లీమీటర్లలో రాసివ్వండి. చేతి రంపంతో 2 మి.మీ. వంకర పోయినా కీలు కలవదు, గాలి కారుతుంది.

ఇక పైపు. సూత్రం ఇది: పొడవు = 23,562 × వ్యాసం × వ్యాసం ÷ (ఫ్రీక్వెన్సీ × ఫ్రీక్వెన్సీ × లీటర్లు) − 0.732 × వ్యాసం. వ్యాసం, పొడవు సెంటీమీటర్లలో. వ్యాసమంటే లోపలిది. 110 మి.మీ. డ్రైనేజీ పీవీసీ పైపుకు లోపల దాదాపు 104 మి.మీ. ఉంటుంది కానీ రకాన్ని బట్టి గోడ మందం మారుతుంది, కొన్నది కొలిచి చూసుకోండి. 10.4 సెం.మీ., 32 హెర్ట్జ్, 45 లీటర్లు వేస్తే పొడవు 47.7 సెం.మీ. వస్తుంది. పెట్టె లోతు 36 సెం.మీ. మాత్రమే కాబట్టి నేరుగా పట్టదు. ముందు ప్యానెల్ కింది భాగం నుంచి లోపలికి పంపి, ఎల్బోతో పైకి తిప్పండి. పొడవును ఎల్బో మధ్య గీత వెంట కొలవాలి. ముందు ప్యానెల్ రెండు పొరల 3.6 సెం.మీ. కూడా అందులో భాగమే. పైపు లోపలి కొస నుంచి పై చెక్కకు కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే ట్యూనింగ్ కిందికి జారుతుంది.

పైపును మొదట 50 సెం.మీ. వచ్చేలా కోయండి. ఈ పెట్టెలో ఒక సెంటీమీటరు తగ్గిస్తే ట్యూనింగ్ దాదాపు 0.3 హెర్ట్జ్ పెరుగుతుంది. పొడుగైతే కోసుకోవచ్చు, పొట్టిదైతే కొత్తది కొనాలి. అందుకే పరీక్ష అయ్యేదాకా పైపును అంటించకండి. డ్రైవర్ రంధ్రంలోంచి చెయ్యి పెట్టి తీయగలిగేలా ఉంచి, చుట్టూ టేపు చుట్టండి.

బిగించేటప్పుడు ప్రతి అంచుకీ ఫెవికాల్ ధారాళంగా పూసి, ముందుగా సన్న డ్రిల్ వేసి 50 మి.మీ. స్క్రూలు ఎక్కించండి. డ్రిల్ వేయకుండా ఎక్కిస్తే ఎండీఎఫ్ అంచు పగులుతుంది. లోపలి మూలలన్నిటికీ సిలికాన్ పట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి, పుల్లటి వాసన పూర్తిగా పోయాకే డ్రైవర్ పెట్టండి. డ్రైవర్‌కు చెక్క స్క్రూలు వద్దు. రెండు మూడు సార్లు విప్పి బిగిస్తే రంధ్రాలు వదులవుతాయి. టీ-నట్లు (చెక్కలో దిగ్గొట్టే నట్లు), బోల్టులు వాడండి. అంచు కింద ఫోమ్ టేపు వేయండి.

ట్యూనింగ్ పరీక్షకు ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ చాలు. వాల్యూమ్ తక్కువగా ఉంచి 45 హెర్ట్జ్ నుంచి మెల్లగా దించుతూ కోన్‌ను చూడండి. ఒకచోట కోన్ దాదాపు నిలిచిపోయి, పైపు దగ్గర పెట్టిన చేతికి గాలి గట్టిగా తగులుతుంది. అదే మీ ట్యూనింగ్. కచ్చితంగా కావాలంటే డ్రైవర్‌తో సిరీస్‌లో 100 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, డ్రైవర్ మీద ఏసీ వోల్టేజీని మల్టీమీటర్‌తో చూడండి. వోల్టేజీ రెండు చోట్ల పెరుగుతుంది. ఆ రెంటి నడుమ ఎక్కడ అతి తక్కువగా ఉందో అదే మీకు కావలసిన అంకె. అదే టోన్ నడుస్తుండగా వెలిగించిన అగరబత్తిని కీళ్ల వెంట, టెర్మినల్ చుట్టూ నడిపించండి. పొగ వణికిందంటే అక్కడ గాలి కారుతున్నట్టే.

చివరగా తప్పనిసరిది ఒకటి. ట్యూనింగ్ కంటే కింది ఫ్రీక్వెన్సీల్లో పెట్టెలోని గాలి కోన్‌ను ఆపలేదు. 20 హెర్ట్జ్ శబ్దాలున్న సినిమా సీన్‌లో కోన్ హద్దు దాటి ఊగి కాయిల్ దెబ్బతింటుంది. యాంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) 25 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఆ ఫిల్టర్ లేని యాంప్‌తో పోర్టు పెట్టెను గట్టిగా వాయించకండి.

ప్రశ్న: నా 30 లీటర్ల పెట్టెకు 2 అంగుళాల పైపు పెట్టాను, ట్యూనింగ్ 40 హెర్ట్జ్. వాల్యూమ్ పెంచితే పైపులోంచి ఫుస్‌ఫుస్ అని శబ్దం. 3 అంగుళాలది మారిస్తే పోతుందా?

జవాబు: పోతుంది, కానీ అదే పొడవులో మార్చకండి. సన్న పైపులో గాలి వేగం సెకనుకు సుమారు 17 మీటర్లు దాటితే ఈ శబ్దం వినిపించడం మొదలవుతుంది. లోపలి వ్యాసం 5 సెం.మీ. ఉన్న పైపు నుంచి 7 సెం.మీ. ఉన్నదానికి వెళితే వేగం దాదాపు సగమవుతుంది; కింది లెక్కలూ ఈ లోపలి కొలతలతోనే. అయితే మీ పాత పైపు 8.6 సెం.మీ. ఉండి ఉంటుంది. అంతే పొడవు 3 అంగుళాల పైపు పెడితే ట్యూనింగ్ 53 హెర్ట్జ్‌కు పోతుంది. 40 దగ్గరే ఉండాలంటే 19 సెం.మీ. కావాలి. లావు పైపు ఆక్రమించే అదనపు చోటునూ లెక్కలో వేసుకోండి. పైపు రెండు కొసల అంచులనూ ఇసుక కాగితంతో గుండ్రంగా రుద్దండి, శబ్దం ఇంకొంచెం తగ్గుతుంది.

ప్రశ్న: పాత హోమ్ థియేటర్‌లోంచి తీసిన 8 అంగుళాల డ్రైవర్ ఉంది. దాని మీద ఓమ్స్, వాట్స్ తప్ప ఏ వివరాలూ లేవు. పోర్టు పెట్టె చేయవచ్చా?

జవాబు: ఆ రెండు అంకెలతో పెట్టె లెక్క కట్టలేం. అంచనాతో పోర్టు పెట్టకండి. క్యూటీఎస్ 0.6 లాంటి డ్రైవర్‌ను పోర్టు పెట్టెలో పెడితే ఒకే స్వరం దగ్గర మోగి, మిగతా బేస్ అంతా బురదగా వినిపిస్తుంది. కంప్యూటర్ సౌండ్‌కార్డు, ఒక రెసిస్టర్ ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంపెడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే నిరోధం) కొలిచి ఎఫ్‌ఎస్, క్యూటీఎస్‌లను లెక్కకట్టి ఇస్తుంది. వీఏఎస్ కోసం కోన్ మీద తెలిసిన బరువు అతికించి రెండోసారి కొలవాలి. అంత ఓపిక లేకపోతే 20 లీటర్ల మూసిన పెట్టె కట్టండి. కొలతలో కాస్త తేడా వచ్చినా మూసిన పెట్టె సర్దుకుంటుంది.