ఫైనల్ రెకనింగ్: నేను విలియం డాన్లో పక్షం

ప్రశ్న: ‘మిషన్ ఇంపాజిబుల్: ది ఫైనల్ రెకనింగ్’ ఎలా ఉంది? మొదటి గంట బాగా సాగదీశారంటున్నారు, నిజమేనా? పాత భాగాలు చూడనివాళ్లు వెళ్లొచ్చా?

మొదటి గంట సాగింది, నిజమే. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు అందుకుని, దాన్ని మూడో మనిషి పూర్తి చేస్తూ ప్రపంచం మునిగిపోతుందని చెబుతూనే ఉంటారు. మధ్యమధ్యలో పాత సినిమాల ముక్కలు. మొత్తం సినిమా దాదాపు 170 నిమిషాలు. అందులో ఇరవై నిమిషాలు తీసేసినా ఎవరికీ తెలియదు. అయినా ఈ సిరీస్‌లో నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే. దానికి కారణం టామ్ క్రూజ్ విమానం రెక్క పట్టుకుని వేలాడటం కాదు. విలియం డాన్లో అనే చిన్న ఉద్యోగి. కథ చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి.

1996లో బ్రయన్ డి పాల్మా తీసిన మొదటి సినిమాలో తాడు కట్టుకుని పైకప్పు నుంచి దిగే సీను అందరికీ గుర్తుంటుంది. చెమట చుక్క నేల మీద పడకుండా క్రూజ్ అరచేత్తో పట్టుకుంటాడు. ఆ గది ఎవరిదో ఎంతమందికి గుర్తుంది? సీఐఏలో పనిచేసే ఆ డాన్లోది. క్రూజ్ ముఠావాళ్లు అతని కాఫీలో ఏదో కలుపుతారు, పాపం అతను వాంతులు చేసుకుంటూ బాత్‌రూమ్‌కీ గదికీ తిరుగుతుంటాడు. ఈలోగా ఇక్కడ దొంగతనం జరిగిపోతుంది. తిరిగొచ్చి చూస్తే పైనుంచి జారిపడ్డ కత్తి బల్లకు దిగబడి ఉంటుంది. తర్వాత పైఅధికారి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: సాయంత్రంలోపు వీణ్ణి అలాస్కాలో రాడార్ దగ్గర కూర్చోబెట్టండి, బట్టలు పోస్టులో పంపించండి అని. హాల్లో నవ్వు కోసం రాసిన మాట అది.

మా ఇంట్లో మాత్రం ఆ మాటకు నవ్వు రాలేదు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. బీరువా తాళాలు నాన్న పేరున ఉండేవి, కానీ ఆ బీరువా తెరిచేవాళ్లు చాలామంది. ఒకరోజు అందులో స్టోర్ రిజిస్టర్ కనపడలేదు. ఎవరు తీసుకెళ్లారో ఆఫీసులో అందరికీ తెలుసని అమ్మ ఇప్పటికీ అంటుంది. బదిలీ ఆర్డరు మాత్రం నాన్నకే వచ్చింది, మల్కన్‌గిరికి. 1992లో కోరాపుట్ నుంచి విడదీసి కొత్తగా చేసిన జిల్లా అది. ఒడిశాలో ఉద్యోగం చేసే కుటుంబాలకు ఆ పేరు వింటే ఏమనిపించేదో వేరే చెప్పక్కర్లేదు. కోరాపుట్, నవరంగ్‌పూర్, మల్కన్‌గిరి... ఎవరి మీదైనా కోపమొస్తే అటు పంపేవాళ్లు. అక్కడ పుట్టి పెరిగిన కోయ, బోండా గిరిజనులకు తమ ఊరు ఇంకొకరికి శిక్ష ఎందుకయిందని ఏ అధికారీ ఆలోచించలేదు, అది నాకు ఇంకో బాధ.

గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం దాటి వెళ్లాలి. నాన్నను చిత్రకొండ వైపు వేశారు. వచ్చినప్పుడల్లా మలేరియాతో సగమై వచ్చేవారు. అలా సెలవు మీద వచ్చినప్పుడే కేబుల్‌లో ఆ 1996 సినిమా వేశారు. మా పెద్దనాన్న కొడుకు ఇంగ్లీషు మాటలు అందరికీ తెలుగులో చెబుతున్నాడు. అలాస్కా మాటకు పిల్లలం పగలబడి నవ్వాం. నాన్న లేచి అరుగు మీదకు వెళ్లిపోయారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

కొత్త సినిమా మన దగ్గర 2025 మే 17న వచ్చింది, అమెరికా కంటే ఆరు రోజులు ముందు. నాన్న కంటి పరీక్షకు విశాఖ తీసుకెళ్లాల్సి ఉంది, దానితోపాటే ఈ పనీ పెట్టుకున్నాను. ఇంత తెలుగు జనాభా ఉన్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో తెలుగు డబ్బింగు చూసే యోగం మాకు ఎందుకు లేదో డిస్ట్రిబ్యూటర్లు చెప్పాలి. పాతపట్నం పక్కనే ఉంది, గీత దాటితే ఆంధ్ర. అయినా మాకు సినిమా అంటే హిందీలోనో ఇంగ్లీషులోనో. పెద్దవాళ్లను తీసుకెళ్లాలంటే ఊరు దాటాల్సిందే.

మొదటి గంట నాన్న ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత కథ బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవికి వెళుతుంది. అక్కడ ఒక చిన్న ఇల్లు, ఒక పెద్దాయన, ఆయన భార్య తపీసా. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

‘‘ఆ గదిలో వాంతులు చేసుకున్నవాడు కదరా?’’

‘‘అవును నాన్నా, అతనే.’’

‘‘అదే మనిషా? వేరే నటుణ్ణి పెట్టారా?’’

‘‘అదే మనిషి.’’

అప్పటి నటుడు రోల్ఫ్ సాక్సన్‌నే ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత తెచ్చారు. మునిగిపోయిన రష్యా జలాంతర్గామి ఎక్కడుందో అందరూ వెతుకుతుంటే, ఆ అంకెలు డాన్లో తలలో ఉన్నాయి. కాగితం అక్కర్లేకుండా చెబుతాడు. అప్పుడు నాన్న ముందు వరసవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నారు: ‘‘గుర్తుంటాయి! ఎందుకుండవు!’’ పోయిన ఆ రిజిస్టర్‌లో ఏ పేజీలో ఏ సరుకు రాశారో నాన్న ఇవాళ్టికీ చెప్పగలరు. నేను పరీక్షించి చూశాను కూడా.

తర్వాత డాన్లో, ఆ కత్తిని ఇన్నేళ్లు దాచి ఈథన్ (క్రూజ్ పాత్ర) చేతికిస్తాడు. ఇక్కడికి పంపడం వల్లే నాకు భార్య దొరికింది, జీవితం దొరికింది అంటాడు. హాల్లో చాలామందికి కళ్లు చెమర్చాయి, నాకూ అంతే. నాన్న ఒప్పుకోలేదు. బయటికొచ్చి టీ తాగుతూ అడిగారు: ‘‘భార్య దొరికింది, సంతోషం. ఆర్డరు రద్దు చేశారా?’’

నా దగ్గర జవాబు లేదు. డైరెక్టర్ క్రిస్టఫర్ మెక్వారీ దగ్గరా లేదనుకుంటాను. అయినా ఆయనకు దణ్ణం పెడతాను. ఇన్ని కోట్లు పోసి తీసే సినిమాలో, హీరో చేసిన పనికి ఎవడి బతుకు తలకిందులైందో గుర్తుపెట్టుకుని వెనక్కి వెళ్లి వెతికాడు. చివర్లో బాంబు దగ్గర నిలబడే బాధ్యత కూడా ఆ భార్యాభర్తలకే ఇచ్చాడు. జేమ్స్ బాండ్ అభిమానులు నన్ను తిట్టినా సరే, 1962 నుంచి వస్తున్న ఆ సినిమాల్లో బాండ్ తగలబెట్టిన ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఏమయ్యారో ఎవరైనా అడిగారా? 2021లో ‘నో టైమ్ టు డై’లో బాండ్‌నే చంపేశారు, అప్పుడూ కథంతా ఆయన చుట్టూనే.

మెక్వారీ పాత కథలకు వేసిన ముడులన్నీ నాకు నచ్చలేదు. ఒక ఏజెంటు మొదటి సినిమా విలన్ జిమ్ ఫెల్ప్స్ కొడుకని చెప్పడం శుద్ధ దండగ. మూడో భాగంలో ఏమిటో చెప్పకుండా వదిలేసిన ‘కుందేలు కాలు’ (ర్యాబిట్స్ ఫుట్) అనే వస్తువుకు ఇప్పుడు వివరణ ఇవ్వడమూ అంతే. ఏమిటో తెలియకపోవడమే దాని అందం. ఇంకో మాట, మా హాల్లో జలాంతర్గామి సీను దగ్గరపడుతుండగా ఇంటర్వెల్ కొట్టారు. మాటలు దాదాపు లేకుండా నడిచే ఆ సీనుకు ముందు పాప్‌కార్న్ బేరం పెట్టడం ఘోరం.

ఇక మీ ప్రశ్న. పాతవి చూడకుండా వెళ్లకండి. 1996 సినిమా తప్పనిసరి, ఆ గది సీను శ్రద్ధగా చూడండి. 2023లో వచ్చిన ‘డెడ్ రెకనింగ్’ కూడా చూడాలి, కథ అక్కడి నుంచే సాగుతుంది. టైముంటే 2006 నాటి మూడోది. 2000లో వచ్చిన రెండోది వదిలేయండి, అందులో ఎగిరే పావురాలు తప్ప మీరు కోల్పోయేది ఏమీ లేదు.