విల్లీ బ్రాంట్ తూర్పు జర్మనీ గూఢచారా?

కాదు, అప్పటి పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) విల్లీ బ్రాంట్ గూఢచారి కాదు. తూర్పు జర్మనీ గూఢచారి ఆయన పక్కనే పనిచేసిన సహాయకుడు గుంటర్ గియోమ్.

గూఢచారి అనాలంటే ఎవరి కోసం పనిచేస్తున్నాడో ఆ మనిషికి తెలిసుండాలి, తెలిసే రహస్యాలు చేరవెయ్యాలి. తనకు తెలియకుండా ఇంకొకరి అవసరానికి ఉపయోగపడటం పూర్తిగా వేరే సంగతి. బ్రాంట్ విషయంలో జరిగింది ఈ రెండోదే.

గియోమ్ 1956లో భార్యతో కలిసి శరణార్థిలా పశ్చిమ జర్మనీకి వచ్చాడు. బ్రాంట్ పార్టీలో చేరి, మెల్లగా ఎదిగి, 1972కల్లా ఆయన ఆంతరంగిక సహాయకుడయ్యాడు. 1973లో భద్రతాధికారులకు అనుమానం వచ్చింది. కానీ సాక్ష్యం దొరికేదాకా ఏమీ మార్చొద్దని వాళ్లే సలహా ఇచ్చారు. దాంతో ఆ వేసవి సెలవులకు నార్వే వెళ్లినప్పుడు కూడా గియోమ్ బ్రాంట్ వెంటే ఉన్నాడు, అక్కడికొచ్చే రహస్య సందేశాలు అతని చేతుల మీదుగానే నడిచాయి. ఇది ఆ అధికారులు చేసిన ఘోరమైన తప్పు. 1974 ఏప్రిల్‌లో గియోమ్ అరెస్టయ్యాడు, మే నెలలో బ్రాంట్ రాజీనామా చేశారు.

ఆ రాజీనామానే నేరానికి రుజువని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన తప్పుకున్నది తన కార్యాలయంలో జరిగిన నిర్లక్ష్యానికి బాధ్యత వహిస్తూ. తూర్పు జర్మనీతో 1972లో ఒప్పందం కుదుర్చుకున్నారు కాబట్టి వాళ్ల మనిషే అన్న వాదన కూడా నిలవదు: ఆ విధానం బహిరంగమే, పార్లమెంటు ఆమోదించినదే. పైగా బ్రాంట్ పదవి పోవడం తూర్పు జర్మనీకే నష్టమైందని అక్కడి గూఢచర్య అధిపతి మార్కుస్ వోల్ఫ్ తర్వాత ఒప్పుకున్నాడు.