'వచ్చింది' అనడం తప్పు కాదు. 'అది' అనడం వేరే సంగతి

సందేహం: మా అబ్బాయికి 10 ఏళ్లు. తరగతిలోని ఒక అమ్మాయి గురించి చెప్పేటప్పుడు 'అది వచ్చింది, అది తోసింది' అంటాడు. అలా అనకూడదంటే, 'అమ్మ వచ్చింది అని మీరూ అంటారుగా' అని ఎదురడుగుతాడు. ఆటలో ఓడిన స్నేహితుణ్ణి 'ఆడంగి', 'గాజులు తొడుక్కో' అని వెక్కిరిస్తాడు. వీటిలో వ్యాకరణం ఎంత, తిట్టు ఎంత? ఎలా మాన్పించాలి?

సమాధానం: మీ అబ్బాయి అడిగినది న్యాయమైన ప్రశ్న. ముందు దానికి జవాబు చెప్పండి.

తెలుగులో ఏకవచన క్రియకు స్త్రీల కోసం విడి రూపం లేదు. అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో లెక్క మారుతుంది: అమ్మాయిలు వచ్చారు, ఆవులు వచ్చాయి. వ్యాకరణంలో మహత్తు (మగవారు), మహతి (స్త్రీలు), అమహత్తు (మిగతావి) అని చదువుకునేది ఈ విభాగాన్నే. తమిళంలో 'అవళ్ వందాళ్', కన్నడంలో 'అవళు బందళు' అని స్త్రీకి ప్రత్యేక రూపం ఉంది, మనకు లేదు. కాబట్టి 'వచ్చింది'ని దిద్దకండి. తోటి పిల్లను 'వచ్చారు' అనమని బలవంతపెడితే మీ ముందు అలా అని, బయట మానేస్తాడు.

'అది' సంగతి వేరు. క్రియను భాష నిర్ణయిస్తుంది, సర్వనామాన్ని మనం ఎంచుకుంటాం. మగవారికి వాడు, అతను, ఆయన ఉన్నట్టే స్త్రీలకు అది, ఆమె, ఆవిడ ఉన్నాయి. చనువులో వాడు, అది ఒకే మెట్టు మీదివని అనిపిస్తుంది గానీ, పూర్తిగా కాదు. 'వాడు తోశాడు' అంటే మనిషే. 'అది తోసింది' అంటే అమ్మాయి కావచ్చు, మేకపిల్లా కావచ్చు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు 'అది' అంటే వస్తువు అనే అర్థమే ముందు తగులుతుంది కనుక మరింత జాగ్రత్త అవసరం. అయినా దాన్ని పూర్తిగా నిషేధించాల్సిన పని లేదు. అక్క చెల్లెల్ని, ప్రాణ స్నేహితురాలు స్నేహితురాల్ని 'అది' అనుకోవడంలో చనువు ఉంది. అవతలి పిల్లకూ అది ఇష్టమే. ఆ చనువు ఇవ్వని పిల్లను అలా అంటే చిన్నచూపే. మీ అబ్బాయికి చెప్పాల్సిన తేడా ఇదే.

మానమనడంతో సరిపెట్టకండి, బదులుగా మాట ఇవ్వండి. అన్నిటికన్నా మంచిది పేరు. తరువాత 'ఆ అమ్మాయి', 'తను'. 'తను' అమ్మాయికీ అబ్బాయికీ చెల్లుతుంది, పదేళ్ల నోట కృతకంగానూ ఉండదు. ఉత్తరాంధ్రలో గుంటడు–గుంట, తెలంగాణలో పోరడు–పోరి జంటపదాలు. ఇంట్లో 'మా గుంట', 'మా పోరి' అనడం శుద్ధమైన ముద్దు. పుస్తక భాష కాదని వాటిని తిట్ల జాబితాలో వేయడం అన్యాయం. ఎవరు ఎవరిని ఏ స్వరంతో అన్నారన్నదే చూడాలి.

ఇక 'ఆడంగి', 'గాజులు తొడుక్కో'. ఇక్కడ వ్యాకరణం సాకు లేదు. 'ఆడంగులు' అని బహువచనంలో అంటే ఆడవాళ్లు అనే అర్థం. అదే మాట ఏకవచనంలో మగపిల్లాడికి తగిలిస్తే తిట్టు. అంటే ఆడపిల్లలా ఉండటమే నేరమన్నమాట. ఈ కొలత పిల్లవాడికి ఎక్కడ దొరికిందో వెతికితే చాలాసార్లు మన ఇంటి మెచ్చుకోళ్లలోనే కనిపిస్తుంది. బాగా చదివే కూతుర్ని 'మాకు కొడుకు లాంటిది' అంటాం. ముద్దొస్తే కూతుర్ని 'ఏరా' అని పిలుస్తాం. కొడుకును మాత్రం 'ఏమే' అనం, అంటే వాడికి కోపం వస్తుంది. ('చెప్పమ్మా' అని ఇద్దరినీ పిలుస్తాం, ఆ పిలుపు మనకు దక్కిన భాగ్యం.) చెట్టెక్కిన అబ్బాయి హుషారు, చెట్టెక్కిన అమ్మాయి మగరాయుడు. గట్టిగా వాదించే ఆడపిల్లను 'గయ్యాళి' అంటాం. అలాగే వాదించే అబ్బాయికి ఆ మాట తగిలించం. మీ ఇంట్లో ఇలాంటి మాటలు ఎన్ని వినిపిస్తున్నాయో ఒక వారం గమనించి, ముందు వాటిని మానండి.

దిద్దేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, 'మగపిల్లాడివి, అలా మాట్లాడతావా' అనడం. అతను వాడిన కొలతనే మనమూ అతని చేతికిచ్చినట్టు. రెండు, 'నీకూ చెల్లి ఉంది కదా' అనడం. అప్పుడు చెల్లి వరసకు రాని అమ్మాయిని ఏమైనా అనవచ్చని అర్థమవుతుంది. నలుగురిలో గద్దించినా పని జరగదు, ఆ మాటకు మరింత పదును వస్తుంది. ఇంటికి వచ్చాక నెమ్మదిగా 'నువ్వు వెక్కిరించినవాడు ఏం చేశాడు?' అని అడగండి. 'బంతికి భయపడ్డాడు', 'మధ్యలో ఏడ్చి వెళ్లిపోయాడు' అని చెబుతాడు. అదే చెప్పమనండి. భయపడ్డాడు, బిడియపడ్డాడు, మొండికేశాడు, అలిగాడు అని చేసిన పనికి తగిన మాట మనకు ఉంది. ఆ మాట దొరికితే తిట్టుతో పని ఉండదు.

తాతలు, అమ్మమ్మలు ప్రేమగానే అనే 'పిచ్చిముండ', 'దొంగవెధవ' కూడా పిల్లల చెవిన పడతాయి. ముండ అంటే తల గొరిగించిన వితంతువు. వెధవ 'విధవ' నుంచి వచ్చింది, అయినా ఇప్పుడు మగపిల్లలకే ఎక్కువగా వాడతాం. భర్త పోవడం ఆమె తప్పు కాదు, ఆ దుఃఖాన్నే తిట్టుగా మార్చారు. పదేళ్ల పిల్లవాడికి ఈ అర్థం విప్పి చెప్పవచ్చు. అమ్మమ్మను అతని ముందు తప్పుపట్టకండి; ఆమె నోట ఆ మాటకు పాత అర్థం ఏనాడో అరిగిపోయింది. బడిలో ఇంకో పిల్లను అదే మాటంటే మాత్రం ఆ అర్థం మళ్లీ లేస్తుందని అతనికి చెప్పండి.