విమానం ఎక్కిస్తారు, ముందు బూట్లు పాలిష్ చేయిస్తారు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పదమూడేళ్ల మా అమ్మాయి సివిల్ ఎయిర్ ప్యాట్రోల్ (Civil Air Patrol)లో క్యాడెట్‌గా చేరతానని పట్టుబట్టి కూర్చుంది, పైలట్ ట్రైనింగ్ ఫ్రీగా ఇస్తారట. మా వారేమో అది మిలిటరీ, రేపు సైన్యంలోకి లాగేస్తారని గొడవ. ఎవరి మాట నిజం?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ వారి టెన్షన్ తీర్చేద్దాం. ఈ సంస్థ 1941 డిసెంబరు 1న, అంటే పెర్ల్ హార్బర్ మీద దాడికి ఆరు రోజుల ముందు పుట్టింది, 1948 నుంచి అమెరికా ఎయిర్‌ఫోర్స్‌కి అనుబంధంగా నడుస్తోంది. యూనిఫాం, సెల్యూట్, ర్యాంకులు మన ఎన్‌సీసీలో లాగే ఉంటాయి గానీ సైన్యంలో చేరి తీరాలన్న షరతు లేదు.

ఇక అమ్మాయిగారి సంగతి. 18 నిండేలోపు ఐదుసార్లు ఇంజిన్ విమానంలో, ఐదుసార్లు గ్లైడర్‌లో, అంటే ఇంజిన్ లేని విమానంలో, ఉచితంగా తిప్పుతారు. చాలాచోట్ల ఆ ఇంజిన్ విమానం సెస్నా 172 గానీ 182 గానీ అనే చిన్న విమానం అయి ఉంటుంది. ఎక్కేముందు రెక్కలూ చక్రాలూ తడిమి చూడాలి, ట్యాంకులోంచి నీలం రంగు పెట్రోలు చిన్న గొట్టంలోకి వంచి, అడుగున నీళ్లు చేరాయేమోనని వెలుతురుకి పెట్టి చూడాలి, పైకి వెళ్లాక పైలట్ పక్కనే కూర్చుని కాసేపు తనే నడపొచ్చు కూడా. అయితే ఇది లైసెన్సు శిక్షణ కాదు. దానికి స్కాలర్‌షిప్పులు, వేసవి ఫ్లైట్ అకాడమీలు ఉన్నాయి, పోటీ పడాలి. అయినా 16 నిండనిదే విమానం ఒంటరిగా నడపనివ్వరు, 17 రానిదే లైసెన్సూ ఇవ్వరు.

మిగతా కాలమంతా వారానికో సాయంత్రం రెండు గంటలకు పైగా డ్రిల్లు, బూట్ల పాలిష్, ఏరోస్పేస్ పాఠాలు, ఫిట్‌నెస్. విమానం కోసమే వెళ్లే పిల్లలకి ఇక్కడే బోర్ కొడుతుంది. నాకు మాత్రం అసలు సరుకు ఇక్కడే ఉందనిపిస్తుంది, ఎందుకంటే పదిహేనేళ్ల పిల్ల పన్నెండేళ్ల పిల్లలకి డ్రిల్ నేర్పుతుంది, వాళ్లు వినకపోతే ఏం చెయ్యాలో తనే తేల్చుకోవాలి. కాలేజీ అప్లికేషన్‌లో ఒక లైను కోసం మీరే తోస్తే మాత్రం నాలుగు నెలల్లో మానేస్తుంది.

నడిపే పెద్దవాళ్లంతా జీతం లేకుండా, పైగా సభ్యత్వం డబ్బులు తామే కట్టుకుని చేసేవాళ్లు. అందుకే ఒక్కో స్క్వాడ్రన్ (స్థానిక శాఖ) ఒక్కోలా ఉంటుంది, చేర్చేముందు రెండు మూడు మీటింగులు చూసి రండి. అన్నట్టు, చేరాలంటే మామూలుగా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. మీరు హెచ్-4 వీసా మీద ఉంటే పాపకి ఆశ పెట్టకముందే స్క్వాడ్రన్ వాళ్లని ఆ ఒక్కటీ అడగండి.