పరుగెత్తే ఇంగ్లీషు, నడిచే తెలుగు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ‘ద షాప్ ఈజ్ రన్ బై హర్ అంకుల్’ అనే వాక్యాన్ని ‘ఆమె బాబాయి అంగడిని పరుగెత్తించాడు’ అని తెలుగు చేస్తే తరగతి అంతా నవ్వింది. రన్ అంటే పరుగెత్తడమే కదా? ఈ మాటకున్న అర్థాలను గుర్తుపెట్టుకొనేది ఎలా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నవ్విన వాళ్ళలో ఎందరు సరిగా రాసి ఉండేవారో అనుమానమే. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి కూర్పులో ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలిచ్చి దానికే పెద్దపీట వేసింది; తర్వాతి సవరణలో ‘రన్’ 600 దాటి దాన్ని వెనక్కు నెట్టింది. అన్నింటినీ కంఠస్థం చేయడం ఎవరి తరమూ కాదు.

పరుగు అన్నప్పుడు మనకు కాళ్ళు కనిపిస్తాయి. ఇంగ్లీషువాళ్ళకు ఆ మాటలో కనిపించేది అడ్డు లేకుండా సాగిపోవడం. అందుకే పెన్నలో నీళ్ళు పారినా, జలుబు చేసి ముక్కు కారినా, ఉతికిన చీర రంగు దిగినా, నెల్లూరు నుంచి ఒంగోలుకు బస్సు తిరిగినా వాళ్ళకు అన్నీ రన్ అవుతున్నట్టే. ఈ నాలుగింటికీ నాలుగు క్రియలు వాడే మనం, యంత్రం, అంగడి, బడి, ప్రభుత్వం దగ్గరికి వచ్చేసరికి ‘నడుచు’ అనే ఒక్క క్రియతో సరిపెడతాం. వాళ్ళు పరుగెత్తించే అంగడిని మనం నడుపుతాం, అంతే తేడా. మనకూ ఇలాంటి మాటలకు కొదవ లేదు: టెంకాయ కొడతాం, ఈత కొడతాం, చేపల బుట్ట కంపు కొడుతుంది. వీటిని మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే అక్కడివాళ్ళూ నవ్వుతారు.

ఎన్నికల సంగతి మరీ తమాషాగా ఉంటుంది. అమెరికాలో అభ్యర్థి పదవి కోసం ‘రన్’ చేస్తే, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మన ఊళ్ళో సర్పంచి పదవికి ‘నిలబడ్డాడు’ అంటాం కనుక ఈ విషయంలో మనం బ్రిటన్ పక్షమే.

పక్కన చిన్న మాట చేరితే అర్థం ఎక్కువగా మారుతుంది. ‘రన్ ఇంటూ’ అంటే దారిలో తెలిసినవారు తారసపడటమూ అవుతుంది, బండి వెళ్ళి గోడకు గుద్దుకోవడమూ అవుతుంది. ఏది అన్నది వాక్యాన్ని బట్టి తెలుస్తుంది. ‘రన్ ఓవర్’ దగ్గర మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే పాఠాన్ని ఒకసారి తిరగేయడానికీ, మనిషి మీదుగా బండి పోనివ్వడానికీ అదే మాట. అందరూ తప్పు చేసేది ‘రన్ అవుట్’ దగ్గర. ఇంట్లో పాలు అయిపోతే ‘ద మిల్క్ హాజ్ రన్ అవుట్’ అనాలి. మనిషిని కర్తగా పెడితే మాత్రం ‘ఆఫ్’ చేర్చి ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అనాలి. ‘వి ఆర్ రన్ అవుట్’ అంటే మీరు క్రికెట్టులో అవుటయ్యారని అర్థం.

ఇక మీ వాక్యం. అందులోని ‘రన్’ వర్తమానకాల రూపం కాదు. రన్, రాన్, రన్ అనే వరసలో మూడోది; వర్తమానకాలాన్ని చెప్పేది దాని ముందున్న ‘ఈజ్’. కాబట్టి ‘ఆ అంగడిని ఆమె చిన్నాయన నడుపుతున్నారు’ అని రాయండి. అయితే ‘అంకుల్’ అన్న ఒక్క మాటతో ఆయన చిన్నాయనో, పెదనాన్నో, మేనమామో తేలదు కనుక, మీరు రాసిన బాబాయి కూడా ఊహే.