చెక్కతో చేసిన సింకింగ్ లూర్ మేకులా మునిగిపోతోంది, ఎక్కడ తప్పు?

మీరు అడిగింది ఇదీ: చేపలు పట్టడానికి 16 సెంటీమీటర్ల చెక్క స్టిక్‌బెయిట్, అంటే పొడవాటి చేపలా ఉండి నీళ్లలో మునిగే కృత్రిమ ఎర (లూర్), చేశారు. దూరం వెళ్లాలని తోక వైపు 30 గ్రాముల సీసం దించారు. విసిరితే బాగానే వెళుతోంది, కానీ నీళ్లలో పడ్డాక తోక కిందికి పెట్టి మేకులా దిగిపోతోంది, చేప ముట్టడం లేదు. సీసం తగ్గిస్తే చాలా, మళ్లీ మొదట్నుంచి చెక్కాలా?

మళ్లీ చెక్కక్కర్లేదు. కానీ సీసం తగ్గించడంతోనే పని అయిపోదు. అది ఎక్కడ కూర్చుందన్నది ఇంకా ముఖ్యం. నాకు పడిన మంచి చేపల్లో ఎక్కువ భాగం లూర్‌ని లాగుతుండగా కాక, లాగడం ఆపి వదిలేసిన క్షణంలో కొట్టినవే. మనం చేతులు కదపనప్పుడు అది ఎలా దిగుతుందో చూసే నేను లూర్ మంచిచెడ్డలు చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. అంచుదాకా నీళ్లు నింపిన గిన్నెలో లూర్ ఒంటిని సూదితో నొక్కి ముంచి, పొర్లిన నీళ్లని తూచండి. ఎన్ని గ్రాములొస్తే అన్ని ఘన సెంటీమీటర్లు. మీది 60 అనుకుందాం. సముద్రపు నీరు ఘన సెంటీమీటరుకి సుమారు 1.025 గ్రాములు, కాబట్టి ఆ ఒళ్లు 61.5 గ్రాముల్ని మోస్తుంది. చెక్క సాంద్రత 0.6 అయితే ఒళ్లు 36 గ్రాములు, లోపల ముక్కు నుంచి తోక దాకా నడిచే స్టీల్ తీగ ఒక 3. హుక్కులు, రింగులు కలిపి బయట 14 గ్రాములు తూగినా నీళ్లలో 12 మాత్రమే లాగుతాయి. మొత్తం 51. ఇంకో పదిన్నర గ్రాముల సీసంతో లూర్ తేలదు, మునగదు. ఆపైన పెట్టే ప్రతి గ్రామూ మునిగే వేగం కోసమే. మీరు 30 పెట్టారు, అంటే దాదాపు 20 గ్రాములు అదనం. నేనైతే మొత్తం 15 లేదా 16 దగ్గర ఆగుతాను. నీళ్ల నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదనపు బరువు 20 నుంచి 5కి తగ్గితే దిగే వేగం సగమవుతుంది.

ఇది లూర్ ఒకే భంగిమలో దిగితేనే. తోక కిందికి పెట్టి దిగేటప్పుడు నీళ్లకి ఎదురొచ్చేది నాణెమంత భాగమే. అదే పడుకుని దిగితే పొడవంతా అడ్డుపడుతుంది. అంటే మీ లూర్ వేగంలో కొంత పాపం సీసం బరువుది, మిగతాది దాన్ని తోకలో పెట్టడానిది.

నేను సీసాన్ని కడుపు గీతకి వీలైనంత దగ్గరగా మూడు గుంటల్లో పెడతాను. పెద్ద ముక్క మధ్య హుక్కుకి కాస్త వెనక, చిన్నవి గవద కింద ఒకటి, తోక దగ్గర ఒకటి. బరువు మధ్యలో ఎక్కువ చేరితే లూర్ దిగుతూ అటూ ఇటూ ఊగుతుంది. రెండు చివర్లకీ పంచితే నిదానంగా, ఊగకుండా దిగుతుంది. మరీ కిందికి, మరీ ఎక్కువగా పెడితే పడవ అడుగున కట్టిన రాయిలా పట్టి ఉంచి ఊపునే చంపేస్తుంది. పైకి, వీపుకి దగ్గరగా పెడితే లాగినప్పుడు గిరగిరా తిరిగి లైన్ మెలిపడుతుంది. గుంటలు తవ్వకముందే సీసపు తీగ ముక్కల్ని కడుపు కింద రబ్బరు బ్యాండ్లతో కట్టి, హుక్కులూ రింగులూ తగిలించి నీళ్లలో వదిలి చూడండి. ఒక ముక్క అర సెంటీమీటరు జరిపినా తేడా కనిపిస్తుంది. సరిగ్గా కుదిరినప్పుడు, వేలి చివర నుంచి వదలగానే లూర్ పడుకున్నట్టే ఉండి, తోక వీసమెత్తు కిందికి వాలి, ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క తెల్లటి కడుపు తళుక్కుమనిపిస్తూ దిగుతుంది. గాయపడిన చిన్న చేప ఒరిగిపోతున్నట్టే ఉంటుంది.

ఈ పరీక్ష మంచినీళ్లలో చేయకండి. నా రెండో లూర్‌కి ఇదే జరిగింది. బకెట్లో ఎంతో అందంగా, నెమ్మదిగా మునిగింది. రంగులు వేసి, మూడు పూతలు పూసి సముద్రంలో విసిరితే నీళ్ల మీద పడుకుండిపోయింది. 60 ఘన సెంటీమీటర్ల ఒంటికి మంచినీళ్లకీ ఉప్పునీళ్లకీ మధ్య తేడా ఒకటిన్నర గ్రాములు, నేను అదనంగా ఉంచింది ఒక్క గ్రామే. అప్పట్నుంచి లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలోనే చూస్తున్నాను. హుక్కులు మార్చినా మళ్లీ చూడాలి. ట్రెబుల్ (మూడు కొనల) హుక్కులు తీసి సింగిల్ (ఒకే కొన) హుక్కులు పెడితే కొన్ని గ్రాములు తగ్గి లూర్ ప్రవర్తనే మారిపోతుంది.

తయారీలో ఇంకో రెండు మాటలు. చెక్కలోకి మర బిగించిన కళ్లని (హుక్కు తగిలించే లోహపు కొక్కేల్ని) నమ్మకండి. అలాంటి కన్ను ఊడొచ్చి, ఒక పెద్ద ట్రెవల్లీ చేప లూర్‌లో సగంతో వెళ్లిపోవడం నేను చూశాను. ఆ చేప నోట్లో మిగిలిపోయిన హుక్కు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ముక్కు నుంచి తోక దాకా ఒకే స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంది, నడపండి. జెయింట్ ట్రెవల్లీ రికార్డు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లో పడింది. ఆ జాతి చేప కోసం విసిరేటప్పుడు చెక్క పగిలినా చేప తీగ మీదే ఉండాలి.

రెండోది సీసం. తడి చెక్కలోకి, తడి అచ్చులోకి కరిగిన సీసం పోయకండి. అది 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చుక్క నీరున్నా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. గుంటలో సీసపు గుళ్లు నింపి ఎపాక్సీతో మూసేయడం నాకు నచ్చిన పద్ధతి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక వాడటం. బ్రెయిడ్ (అల్లిన) లైన్ నీటికన్నా తేలిక, తేలుతుంది. లైన్ చివర లూర్‌కి ముందు కట్టే పొట్టి ముక్క, అంటే లీడర్, ఫ్లోరోకార్బన్‌దైతే బరువు, మునుగుతుంది. మందమైన ఫ్లోరోకార్బన్ కడితే నెమ్మదిగా దిగే లూర్ ముక్కుని కిందికి లాగి, మీరు పడ్డ శ్రమంతా పాడుచేస్తుంది. నైలాన్ లీడర్ కట్టండి. బరువైన స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే లోహపు కీలు) ముక్కు దగ్గర వద్దు.

లూర్ నీళ్లని తాకగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. లూర్‌లు తయారుచేసే రపాలా కంపెనీ వాళ్లు 1965లో తెచ్చిన కౌంట్‌డౌన్ లూర్ పేరే ఈ పద్ధతి నుంచి వచ్చింది. అది సెకనుకి దాదాపు ఒక అడుగు దిగుతుంది. మీ లూర్ వేగం మీరు తొట్టిలో కొలిచి గుర్తుపెట్టుకోండి. పదికి చేప తగిలితే మళ్లీ పదికే, తగలకపోతే పదిహేనుకి, ఇరవైకి.

దిగుతున్నప్పుడు లైన్ మరీ బిగుతుగా ఉంటే లూర్ ఊయలలా మీ వైపుకి వచ్చేస్తుంది, పడుకుని దిగదు. మరీ వదులైతే కొట్టిన సంగతే తెలియదు. లైన్ నీళ్ల మీద కొంచెం వంగి ఉండాలి, చూపుడువేలు దాని మీద ఉండాలి. కాటు చాలాసార్లు వేలికి చిన్న టక్ లాగానే తెలుస్తుంది. ఇంకోసారి దిగుతున్న లైన్ లెక్కకి ముందే ఆగిపోతుంది, అడుగు ఇంకా రాలేదని మీకు తెలుసు. రెండింటిలో ఏది జరిగినా వదులు లైన్ చుట్టేసి రాడ్‌ని గట్టిగా వెనక్కి కొట్టండి. ఏమీ లేకపోతే రాడ్‌ని ఒక మీటరు పక్కకి సాగదీసి, ముందుకు తెస్తూ మిగిలిన లైన్ చుట్టి, మళ్లీ వదలండి. నేనైతే వదిలేసే సమయం ఎక్కువ ఉంచుతాను. మొదట్లో అందరం లాగడంలో తొందరపడతాం.

వంజరం ఉన్నచోట పళ్ల వల్ల పొట్టి తీగ లీడర్ తప్పదు, ఒక జానెడు చాలు. ఆ చేప లూర్ తోకని కొరుకుతుంది కాబట్టి తోక హుక్కు పదునుగా ఉండాలి. ట్యూనా చిన్న చేపల్ని తింటున్నప్పుడు మీ 16 సెంటీమీటర్లది చూడకపోవచ్చు, దానికి చిన్నది వేరే ఉండాలి. పండుగప్పకి ఈ వేగం కూడా ఎక్కువే, అదనపు బరువు రెండు మూడు గ్రాములకి తగ్గించండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న లూర్‌కి: తోకలోని సీసాన్ని చేతి డ్రిల్‌తో నెమ్మదిగా తవ్వి తీసి, ఆ పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడిచేయండి. గుంటలో చెక్క బిరడా ఎపాక్సీతో దించండి. ఎండాక కడుపు కింద 15 గ్రాముల సీసం తీగ కట్టి, హుక్కులతో ఉప్పునీళ్ల తొట్టిలో వదలండి. కడుపు రెండు పక్కలా మెరిసేదాకా ముక్కల్ని జరుపుతూనే ఉండండి, గుంటలు ఆ తర్వాతే తవ్వండి.